పది అంశాలకు మన పాత పుస్తకాలు



సోమాజిగూడలో మేముండే వీధిలోని యౌవనస్థులు కొందరు ఈ వేసవి సెలవులకు ఒక చదువు పందెం పెట్టుకున్నారు. దాని పేరు రీడథాన్ అట. మారథాన్ దూరపు పరుగు గదా, ఇది దూరపు చదువు. సెలవులు ఇచ్చిన నాటి నుండి బడి తెరిచే లోగా పది పుస్తకాలు చదవాలి. ఏ పుస్తకమో ఎవరూ చెప్పరు, ఎలాంటి పుస్తకమో మాత్రం చెబుతారు. ప్రయాణం గురించినది ఒకటి, ఒక్క పూటలో అయిపోయేది ఒకటి, కడుపుబ్బ నవ్వించేది ఒకటి, ప్రభుత్వం నిషేధించినది ఒకటి, ఇలాగ కొన్ని అంశాలు. తగిన పుస్తకం వెతుక్కోవడం చదివేవారి పని. జాబితా ఇంగ్లీషులో ఎక్కడో దొరికితే పిల్లలు తెలుగు చేసుకున్నారు. "ఇంగ్లీషు పుస్తకాలు మేము చూసుకుంటాం, తెలుగువి మాత్రం మీరు చెప్పండి" అని ఆ కాగితం మా చేతిలో పెట్టి వెళ్ళారు. వాళ్ళకు రాసి ఇచ్చినదే కాస్త పెంచి ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

ఈ పని మీద మేము రెండు నియమాలు పెట్టుకున్నాము. మొదటిది, కొత్తగా చదివిన పుస్తకం ఏదీ చెప్పకూడదు. కొత్త పుస్తకం మీద మోజు కొత్త చెప్పుల మీద మోజు వంటిది, నాలుగు మైళ్ళు నడిస్తే గాని సంగతి తెలియదు. చదివి ఏళ్ళు గడిచినా, పుస్తకం తెరవకుండానే ఇప్పటికీ ఎవరికైనా కథ చెప్పగలిగితే అదే మాకు గుర్తు. రెండవ నియమం ఒక ఉత్తరం వలన వచ్చింది.

పల్లెటూరి నుండి ఒక సహోదరి రాశారు. వాళ్ళ అత్తగారు బడికి వెళ్ళిన మనిషి కాదు. పెళ్ళయి వచ్చాక రాత్రి బడిలో కూర్చుని, పాటల పుస్తకం మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నది. ఇప్పుడు ఆమెకు చూపు మందగించింది. మనవడు ఏడవ తరగతి, ఇంగ్లీషు మీడియం. తెలుగు మాట్లాడతాడు గాని పేజీ చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. "ఇంట్లో చదువుకున్నవాళ్ళం నలుగురం ఉండి కూడా ముసలమ్మకు చదివి వినిపించే నోరు లేకుండా పోయింది. వాడి చేత చదివించదగిన పుస్తకాలు చెప్పండి" అని ఆమె అడిగారు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. కాబట్టి రెండవ నియమం ఇది: పైకి చదివితే వినబుద్ధి కావాలి. తడబడుతూ చదివినా కథ చెడిపోకూడదు.

ఇక అంశాలకు వద్దాము. నీలి రంగు అట్ట ఉన్న పుస్తకం అని ఒకటి ఉన్నది. దానికి మేము జవాబు రాయలేదు. ఇల్లంతా పుస్తకాలున్నవారు ఆడుకునే ఆట అది. మన పల్లె ఇళ్ళలో ఉన్న రెండు మూడు పుస్తకాలకు అట్ట మిగిలి ఉంటేనే గొప్ప. అయిదు వందల పేజీలకు పైబడినది అన్న అంశాన్ని కూడా దాటవేశాము. ధాన్యమైతే బస్తాల్లో కొలుస్తాము గాని, చదువుకు ఆ కొలత పనికిరాదు.

ఒక్క పూటలో అయిపోయే పుస్తకానికి మా మొదటి ఎంపిక ముళ్ళపూడి వెంకటరమణ గారి 'బుడుగు'. 1950ల నాటి పిల్లవాడు తన భాషలో తానే చెప్పుకునే కథ, బాపు గారి బొమ్మలతో వచ్చింది. ఒత్తులు పలకడం రాని పిల్లవాడికి ఇంతకన్న మంచి స్నేహితుడు లేడు, ఎందుకంటే బుడుగు మాటలు కూడా సరిగ్గా ఉండవు. ఒక పూటకు ఒక పుస్తకం కాకపోయినా ఒక రాత్రికి ఒక కథ చాలునంటే శంకరమంచి సత్యం గారి 'అమరావతి కథలు' చూడండి. నూరు కథలు, ఒక్కొక్కటి రెండు మూడు పేజీలే. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమానం పొందిన పుస్తకం. మొదటి కథ 'వరద' చదివి చూడండి. కృష్ణ పొంగి వచ్చిన రోజున ఊళ్ళో మనుషుల మధ్య గీసుకున్న గీతలు ఏమవుతాయో, నీరు తీసిన తరువాత ఏమవుతాయో ఆ కథ చెబుతుంది. ఏటి ఒడ్డున కాపురమున్నవారికి వేరే వివరణ అక్కరలేదు.

ప్రయాణానికి పిల్లలు మా నుండి ఏ జవాబు వస్తుందని ఎదురు చూశారో మాకు తెలుసు. జాన్ బన్యన్ జైలులో మొదలుపెట్టి 1678లో అచ్చు వేయించిన పుస్తకం, 'యాత్రికుని ప్రయాణము' పేరున మన ఇళ్ళలో పెద్దలు చదివినదే. అది మీ ఇంట్లో ఉంటే బయటకు తీయండి, చెప్పవలసింది ఏమీ లేదు. మేము రాసింది మాత్రం ఏనుగుల వీరాస్వామి గారి 'కాశీయాత్ర చరిత్ర'. కాశీ పేరు చూసి మనది కాదని పక్కన పెట్టకండి. మదరాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. రైలు లేదు, మోటారు లేదు. దారిలో ఏ ఊళ్ళో మంచినీళ్ళున్నవి, ఏ ఊళ్ళో సరుకులు దొరకవు, ఏ ఏరు ఎలా దాటాలి, ఎక్కడ దొంగల భయమున్నది, అన్నీ రాసుకుంటూ వెళ్ళారు. హైదరాబాదు మీదుగా కూడా వెళ్ళారు గనుక ఆనాటి ఈ ఊరు అందులో కనబడుతుంది. ఆ భాష పాతది, మొదటి ఇరవై పేజీలు కష్టపెడుతుంది. ఇంటి పెద్దలు చదివి పిల్లలకు చెప్పవలసిన పుస్తకం ఇది. తాతగారు కడప నుండి వచ్చినవారైతే కడప పేజీ, కర్నూలు వారైతే ఆ పేజీ వెతికి చదవండి, తక్కినది దానంతటదే నడుస్తుంది.

నవ్వుకు మొక్కపాటి నరసింహశాస్త్రి గారి 'బారిష్టర్ పార్వతీశం'. మొదటి భాగం 1924లో వచ్చింది. మొగల్తూరు నుండి ఇంగ్లండు బయలుదేరిన అబ్బాయి దారిలో టోపీ కొనుక్కుంటే అది కాస్తా ఆడవాళ్ళ టోపీ అవుతుంది. ఇంకా చెబితే మీ నవ్వు మేము దొంగిలించినట్లు. మూడు భాగాలలో మొదటిది చాలును, తరువాతి రెండూ మాకు అంత రుచించలేదు. ఊరు వదిలి మొదటిసారి పట్నం వచ్చి, అమీర్‌పేట చౌరస్తాలో పెట్టె పట్టుకుని నిలబడ్డ ప్రతి పిల్లవాడూ పార్వతీశమే. అమీర్‌పేట అనగా జ్ఞాపకం వచ్చింది, మా పక్క పేటే అయినా అక్కడ పుస్తకాలంటే కంప్యూటరు కోచింగు వారి కాగితాలే. ఆ కుర్రవాళ్ళ సంచుల్లో ఒక్క కథల పుస్తకం పట్టే చోటు ఎవరైనా చూపిస్తే బాగుండును.

నిషేధించిన పుస్తకమంటే పిల్లలు ఏదో చెడ్డ పుస్తకం అనుకున్నారు. మేము రాసింది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'. ఆయన జైలులో రాసిన నవల, 1922లో అచ్చయింది. మాలపల్లెలోని రామదాసు కుటుంబాన్ని కథకు నడుమ నిలబెట్టి, కూలి కోసం మనిషి నోరు తెరిచి అడిగితే ఏమవుతుందో చెప్పినందుకు మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. పెద్ద పుస్తకం, మధ్యలో ఉపన్యాసాలు ఎక్కువ. అవి దాటవేసి చదివినా పాపం లేదు. అయితే సంగదాసు ఉన్న పేజీలు మాత్రం దాటవద్దు.

మా కాగితంలో ఆరవ అంశం ఇలా ఉన్నది: మీ కుటుంబం వంటి కుటుంబం ఉన్న పుస్తకం. ఈ ఒక్క అంశం మీదనే మేము మూడు రోజులు కూర్చున్నాము. మీలో ఎందరో ఇంతకు మునుపు మాకు రాశారు, కథల పుస్తకాలలో మనవారు కనబడరని. ఉన్నా తలుపు దగ్గర నిలబడి ఉంటారు, లోపలికి రారు. ఆ మాట నిజమే. అయితే ఇప్పుడు పూర్తి నిజం కాదు.

జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. రూతు అనే వృద్ధురాలి జ్ఞాపకాలలో నుండి కథ మొదలై ఎన్నెలదిన్ని అనే ఊరికి వెళుతుంది. అక్కడ ఎల్లన్న ఆటగాడు, పాటగాడు. అతని భార్య సుభద్ర. వారి తరువాతి తరం కరువులో ఊరు వదిలి, పని కోసం కాలువ తవ్వకానికి పోతుంది, క్రైస్తవ సంఘంలో చేరుతుంది. ఆ కరువు కల్పన కాదు. 1876 నుండి 1878 వరకు మన ప్రాంతాన్ని ఊడ్చిన ధాత కరువు అది. అప్పుడు ఒంగోలులో ఉన్న మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి చూపించారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘ చరిత్ర పుస్తకాలలో ఆ అంకె చదివి సంతోషిస్తాము. ఆ అంకెలోని ఒక్కొక్క మనిషి కాలువ గట్టుకు ఎలా చేరాడు, దారిలో ఎవరిని పాతిపెట్టి వచ్చాడు, అతని తల్లి ఏ పాట పాడేది అన్నది ఆ పుస్తకాలలో లేదు. ఈ నవలలో ఉన్నది.

ఒక మాట ముందే చెప్పాలి. కళ్యాణరావు గారు సంఘాన్నీ మిషనరీలనూ అడిగే ప్రశ్నలు పదునైనవి. బాప్తిస్మం తరువాత కూడా మనిషి మనిషికీ మధ్య ఏమేమి మిగిలి ఉన్నదో ఆయన దాచలేదు. చివరి భాగంలో ఆయన చూపించే దారి మన పాఠకులలో చాలామంది ఒప్పుకునేది కాదు, మేమూ ఒప్పుకోలేదు. అయినప్పటికీ ఈ పుస్తకాన్ని ముందు వరుసలో పెట్టాము. మన తాతముత్తాతల పేర్లు రిజిస్టరులో ఉన్నవి, వారి ముఖాలు ఇక్కడ ఉన్నవి. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఇవ్వవద్దు, పదహారు దాటినవారికి ఇవ్వండి, మీరూ చదవండి, చదివి ఇంట్లో పోట్లాడుకోండి.

ఇదే అంశానికి రెండవ పుస్తకం, వై.బి. సత్యనారాయణ గారి 'మా నాయన బాలయ్య'. ఇంగ్లీషులో 2011లో వచ్చి తరువాత తెలుగులోకి వచ్చింది. కరీంనగర్ జిల్లా పల్లె నుండి రైల్వే పనికి వెళ్ళిన దళిత కుటుంబం, మూడు తరాల కథ. బాలయ్య గారు రైల్వేలో చిన్న ఉద్యోగి. ఆయన పట్టు ఒక్కటే, బిడ్డలు చదవాలి. స్టేషను మారినప్పుడల్లా కొత్త బడి, కొత్త గోడ. చివరికి కొడుకు కెమిస్ట్రీ అధ్యాపకుడై, కాలేజీ ప్రిన్సిపాలు అయి, తండ్రి కథ రాశాడు. ఇందులో ఉపన్యాసం లేదు. ఏ రోజు ఏమి జరిగిందో అది మాత్రమే ఉన్నది. ఉత్తరం రాసిన సహోదరికి మేము మొదట చెప్పింది ఈ పుస్తకమే. ఏడవ తరగతి పిల్లవాడు చదవగలడు, వింటున్న నాయనమ్మ మధ్యలో ఆపి "మా నాయన కూడా అంతే" అనగలదు.

మూడవది దూరదేశపుది. అలెక్స్ హేలీ 1976లో రాసిన పుస్తకాన్ని సహవాసి గారు 'ఏడు తరాలు' పేరున తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలోని జఫూరు అనే పల్లె నుండి పట్టుకుపోయి అమెరికాలో అమ్మిన కుంటా కింటే మొదలుకొని రచయిత దాకా వచ్చే కథ. బానిసలకు కొత్త పేర్లు పెట్టడం, ఆ పేరు వద్దని కుంటా పడిన దెబ్బలు చదువుతుంటే, పెట్టిన పేరుతో పిలవకుండా కులం పేరుతో పిలిపించుకున్న మన పెద్దలు గుర్తుకు రాకుండా ఉండరు. తెలుగు పుస్తకం మూలమంత లావు కాదు. సహవాసి గారి తెలుగు పరుగెత్తుతుంది.

పద్యం లేదా పాట అన్న అంశానికి గుర్రం జాషువ గారి 'గబ్బిలం' తప్ప మరొకటి తోచలేదు. 1941లో వచ్చింది. గుడిలోకి పోనివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలం చేత తన మొర పంపుకుంటాడు. ఆ ఊహ ఒక్కటి చాలును ఆయన ఎంతటివాడో తెలియడానికి. పద్యాలు పిల్లలకు ఒక్కసారిగా మింగుడు పడవు. మీ ఊరి తెలుగు మాస్టారిని ఒక సాయంత్రం పిలిచి రాగంతో చదివించుకోండి. జాషువ గారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. పేరు చూసి మనవారు దానిని ముందు చదువుతారు. మేమైతే 'గబ్బిలం' ముందు చదవమంటాము.

మీ ఇంట్లో మాట్లాడుకునే భాషలో ఉన్న పుస్తకం అన్నది మంచి అంశం, ఎవరు పెట్టారో గాని. చిత్తూరు జిల్లావారికి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా'. తల్లి, సేద్యం, అప్పు, చెట్టు, మేక, అన్నీ ఆ జిల్లా యాసలోనే. నెల్లూరువారికి మహమ్మద్ ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు'. ముస్లిం ఇంటి పిల్లవాడి నోట నెల్లూరు మాట. తెలంగాణవారికి వట్టికోట ఆళ్వారుస్వామి గారి 'ప్రజల మనిషి', నిజాం కాలపు పల్లె. ఆళ్వారుస్వామి గారిని మేము మరొక కారణాన కూడా తలచుకుంటాము. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు అచ్చువేసి, స్వయంగా ఇల్లిల్లూ తిరిగి అమ్మిన మనిషి ఆయన. యాసలో రాసిన పుస్తకం పైకి చదివితేనే అందం. కంటితో చదివితే సగమే.

చేతి పనికి ఉపయోగపడే పుస్తకానికి రెండు. డేవిడ్ వెర్నర్ రాసిన 'వైద్యుడు లేని చోట' తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. విరేచనాలకు ఇంట్లోనే నీళ్ళు కలిపి ఇవ్వడం మొదలు, ఏ లక్షణం కనిపిస్తే ఇక ఆలస్యం చేయక ఆస్పత్రికి పరుగెత్తాలో బొమ్మలతో చెబుతుంది. ప్రతి గుడి బీరువాలోనూ ఒకటి ఉండదగినది. పాత ప్రతి అయితే మందుల పేర్లు, మోతాదులు మాత్రం నమ్మకండి, అవి మారిపోయినవి. సేద్యం చేసేవారికి జపాను రైతు ఫుకుఓకా రాసిన 'గడ్డిపరకతో విప్లవం'. ఆయన చెప్పినట్లు దున్నకుండా మన పొలం పండుతుందా అని మమ్మల్ని అడగవద్దు. పొలం గట్టు మీద కూర్చుని వాదించుకోవడానికి మాత్రం ఇంతకన్న మంచి పుస్తకం లేదు.

బడి గురించిన అంశానికి జపానుదే మరొకటి, 'రైలుబడి'. మామూలు బడిలో ఇమడలేక బయటకు పంపబడిన చిన్న పిల్ల, పాత రైలు పెట్టెలే తరగతి గదులైన బడిలో చేరుతుంది. అక్కడి హెడ్మాస్టరు కొబయాషి గారు మొదటి రోజున ఆ పిల్ల చెప్పే మాటలన్నీ అయిపోయేదాకా కూర్చుని విన్నారు. 1945లో బాంబుల మంటల్లో ఆ బడి కాలిపోయింది. పెద్దయిన ఆ పిల్ల, తెత్సుకో కురొయనాగి, 1981లో ఈ పుస్తకం రాసింది. సండే స్కూలు ఉపాధ్యాయులు ముందు చదవండి, తరువాత పిల్లలకు ఇవ్వండి. గిజుభాయి గారి 'పగటికల' కూడా దీని పక్కనే పెట్టవలసినది.

పదవది, అమ్మమ్మ కన్న పాతదైన పుస్తకం. దీనికి మీ ఇంట్లోనే జవాబున్నది. పురుషోత్తమ చౌదరి గారు 1803లో పుట్టి 1890లో గతించారు. ఆయన పాటలున్న కీర్తనల పుస్తకం మనలో చాలామందికి కంఠస్థమే గాని, పుస్తకంగా కూర్చుని చదివినవారు తక్కువ. రాగం తీయకుండా, కథ చదివినట్లు ఒక్కసారి చదివి చూడండి. తెలిసిన పాటే కనుక పిల్లవాడికి ఒత్తులు కూడా అడ్డం రావు, ముందు మాట ఏమిటో చెవికి ముందే తెలుసు.

ఇక పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయని మీరు అడుగుతారు. హైదరాబాదు వచ్చే పని పడితే ఆదివారం చూసుకుని రండి. ఆరాధన అయ్యాక ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగితే ఆబిడ్స్ దగ్గరే. అక్కడ మూసిన దుకాణాల ముందు కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. తెలుగువి అడుగున ఉంటాయి, ఓపికగా వెతకాలి, బేరమాడాలి. డిసెంబరులో అయితే పుస్తక ప్రదర్శన జరుగుతుంది. సోమాజిగూడ ప్రెస్ క్లబ్బులో పుస్తకావిష్కరణ సభలు తరచుగా జరుగుతుంటాయి, కొత్త పుస్తకాలు అక్కడ బల్ల మీద పెడతారు.

రాలేనివారు మీ మండలంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్ళండి. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. అంటే అక్కడి బీరువాల్లో మీ డబ్బు కూడా ఉన్నది, అడగడానికి మొహమాటపడవద్దు. పైన చెప్పిన పేర్లు ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళి, లేనివి తెప్పించమని అక్కడి గ్రంథపాలకునికి రాసి ఇవ్వండి. 'బుడుగు', 'మా నాయన బాలయ్య' ముందు అడగండి. మాకు డబ్బు పంపి పుస్తకాలు కొని పంపమనేవారికి మనవి: మేము పుస్తకాలు అమ్మము, పోస్టులో పంపము. అయితే ఒకే ఊరి వారు నలుగురైదుగురు కలిసి రాస్తే, ఆబిడ్స్ వెళ్ళినప్పుడు దొరికినవి కొని ఉంచుతాము, మీ ఊరి నుండి వచ్చేవారు తీసుకుపోవచ్చును.